విద్యుత్ మూల భావనలు – విశ్వవిద్యాలయ విద్యార్థుల అవగాహన

ఆవేశం, విద్యుత్ క్షేత్రం, పొటెన్షియల్ భేదం, విద్యుత్ ప్రవాహం, నిరోధం, సామర్థ్యం అనేవి విద్యుత్ శాస్త్రంలో మూల భావనలు. ఒక వలయంలో ఏది మారితే ఏది మారుతుందో, ఎందుకు మారుతుందో లెక్క వేయకముందే చెప్పగలిగితే ఆ విద్యార్థికి ఈ భావనలు అర్థమైనట్టు. విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ అవగాహన ఎంతవరకు ఉంటుందో 1980ల నుంచి అనేక దేశాల్లో పరిశోధించారు. భౌతికశాస్త్ర విద్యా పరిశోధనలో ఎక్కువగా పని జరిగిన శాఖల్లో ఇదొకటి. పరీక్షలో లెక్క తప్పకుండా చేసే విద్యార్థి కూడా ఏ బల్బు ఎక్కువగా వెలుగుతుందని అడిగితే తడబడతాడని ఈ పరిశోధనలు పదేపదే చూపాయి. ఆ ఫలితాలను కర్నూలు, కడప ప్రాంతపు పాఠ్యక్రమం, పరిసరాల నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది.

చారిత్రక నేపథ్యం

విద్యార్థులు నేడు చేసే పొరపాట్లలో కొన్ని ఒకప్పుడు శాస్త్రజ్ఞుల సిద్ధాంతాలే. వోల్టా 1800లో బ్యాటరీని ప్రకటించాడు. 1820లో ఆయిర్‌స్టెడ్ తీగ పక్కన అయస్కాంత సూచి కదలడం గమనించినప్పుడు, తీగలో రెండు విరుద్ధ విద్యుత్తులు ఢీకొంటున్నాయని భావించి దానికి ‘విద్యుత్ సంఘర్షణ’ అని పేరు పెట్టాడు. బ్యాటరీ రెండు కొసల నుంచీ కరెంటు బయల్దేరి బల్బులో ఢీకొని వెలుగు పుట్టిస్తుందని చెప్పే నేటి పిల్లల ఆలోచన దీనికి చాలా దగ్గర.

ఓమ్ తన నియమాన్ని 1827లో పుస్తకంగా వెలువరించినా గుర్తింపు వెంటనే రాలేదు. లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఆయనకు 1841లో దక్కింది. ప్రవాహం, పొటెన్షియల్ భేదం అనే రెండు వేర్వేరు రాశులను విడదీసి చూడటం ఆనాటి పండితులకే కష్టమైంది. వలయాలకు సంబంధించిన రెండు నియమాలను కిర్కాఫ్ 1845లో రూపొందించాడు. అప్పటికి ఆయన కోనిగ్స్‌బర్గ్‌లో చదువుకుంటున్న 21 ఏళ్ల విద్యార్థి. ఎలక్ట్రాన్ ఉనికిని జె.జె. థామ్సన్ 1897లో గానీ నిర్ధారించలేదు. అప్పటికే ధన ఆవేశం కదిలే దిశే ప్రవాహ దిశ అనే సంప్రదాయం స్థిరపడిపోయింది. ఎలక్ట్రాన్లు ఎదురు దిశలో కదులుతాయన్న వివరణ అప్పటి నుంచి ప్రతి పాఠ్యపుస్తకానికీ తప్పలేదు.

విద్యార్థుల ఆలోచనలపై పద్ధతి ప్రకారం పరిశోధన మొదలైంది చాలా తర్వాత. న్యూజిలాండ్‌లో రోజర్ ఆస్బోర్న్, ఇంగ్లండ్‌లో డేవిడ్ షిప్‌స్టోన్, ఫ్రాన్స్‌లో క్లోసే, ఇజ్రాయెల్‌లో కోహెన్, ఐలోన్, గానియెల్ 1980ల తొలి సగంలోనే తమ అధ్యయనాలు ప్రచురించారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి లిలియన్ మెక్‌డెర్మాట్, పీటర్ షాఫర్ 1992లో వెలువరించిన రెండు పత్రాలు విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధనకు ఆధారంగా నిలిచాయి.

ప్రాంతీయ నేపథ్యం: సంస్థలు, పాఠ్యక్రమం

కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు మొదటిది తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి, రెండోది అనంతపురం శ్రీ కృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి పీజీ కేంద్రాలు. డిగ్రీ చదువు ఇక్కడ ఇంకా పాతది. కర్నూలు ఉస్మానియా కళాశాల 1947 నాటిది, సిల్వర్ జూబ్లీ కళాశాల 1972 నాటిది. ఇడుపులపాయలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయ (ఆర్జీయూకేటీ) ప్రాంగణం 2008లో మొదలైంది. పదో తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులు అక్కడ ఆరేళ్ల సమీకృత ఇంజనీరింగ్ కోర్సులో చేరతారు.

విద్యార్థి ఓమ్ నియమాన్ని పదో తరగతిలోనే చూస్తాడు. ఇంటర్మీడియట్‌లో ‘ప్రవాహ విద్యుత్’ అధ్యాయం, మీటరు బ్రిడ్జి, పొటెన్షియో మీటరు వస్తాయి. 2020–21లో అమలైన బీఎస్సీ పాఠ్యక్రమంలో నాలుగో సెమిస్టరుకు ‘విద్యుత్తు, అయస్కాంతత్వం, ఎలక్ట్రానిక్స్’ పేపరు ఉండేది. గాస్ నియమం నుంచి ఎల్‌సీఆర్ అనునాదం, డయోడు, ట్రాన్సిస్టరు దాకా అన్నీ ఆ ఒక్క పేపరులోనే. ప్రయోగశాలలో కిర్కాఫ్ నియమాల సరిచూపు, స్టీవర్ట్–గీ పరికరం, సోనోమీటరుతో ఏసీ పౌనఃపున్యం కనుక్కోవడం వంటివి చేయిస్తారు. బ్యాటరీ, బల్బుల దగ్గర ఆగి ఆలోచించేంత వ్యవధి ఈ వరుసలో ఎక్కడా కనిపించదు. అది కింది తరగతుల్లోనే అయిపోయిందన్నది అందరి లెక్క.

బోధనా మాధ్యమం మరో అంశం. దశాబ్దాల పాటు డిగ్రీ సైన్సును తెలుగు మాధ్యమంలో తెలుగు అకాడమీ పుస్తకాలతో చదివినవారు ఎక్కువ. 2021–22 నుంచి రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీ కళాశాలల్లో మొదటి ఏడాది ప్రవేశాలను ఆంగ్ల మాధ్యమానికి మార్చింది. దాంతో ఒకే విద్యార్థి ‘అపసర వేగం’ అని చదివిన దాన్నే రెండేళ్ల తర్వాత ‘డ్రిఫ్ట్ వెలాసిటీ’ అనే పేరుతో మళ్లీ చదువుతున్నాడు.

ఇక పరిసరాల సంగతి. వానలు తక్కువైన ఈ నేలలో విద్యుత్తుకు మాత్రం కొదవ లేదు. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. ముద్దనూరు సమీపంలోని రాయలసీమ థర్మల్ ప్రాజెక్టు మొదటి యూనిట్ 1994లో పని మొదలుపెట్టింది, ఇప్పటి స్థాపిత సామర్థ్యం 1,650 మెగావాట్లు. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో పూర్తయింది. ఇక్కడి విద్యార్థుల్లో చాలామంది బోరు మోటారు, స్టార్టరు, ఫ్యూజు చూస్తూ పెరిగినవాళ్లే. తరగతి గదిలోని విద్యుత్తుకూ పొలంలోని విద్యుత్తుకూ మధ్య వంతెన కట్టే ప్రయత్నం మాత్రం పాఠ్యక్రమంలో తక్కువ.

అయిదు బల్బుల ప్రశ్న

మెక్‌డెర్మాట్, షాఫర్ అడిగిన ప్రశ్న చూడటానికి చాలా చిన్నది. ఒకే రకం బల్బులు అయిదు, ఒకే రకం ఆదర్శ బ్యాటరీలు మూడు ఉన్నాయి. మొదటి బ్యాటరీకి ‘ఎ’ అనే ఒక్క బల్బు కలిపారు. రెండోదానికి ‘బి’, ‘సి’ బల్బులను శ్రేణిలో, మూడోదానికి ‘డి’, ‘ఇ’ బల్బులను సమాంతరంగా కలిపారు. వెలుగును బట్టి వీటిని వరుసలో పెట్టాలి. లెక్క అవసరం లేదు, కారణం చెబితే చాలు.

ఎ, డి, ఇ సమానంగా వెలుగుతాయి. బి, సి తమలో తాము సమానం, కానీ మిగిలిన మూడింటి కంటే మసక. బ్యాటరీ తన కొసల మధ్య పొటెన్షియల్ భేదాన్ని మారకుండా నిలుపుతుంది. సమాంతరంగా ఉన్న ప్రతి బల్బుకూ ఆ భేదం పూర్తిగా దక్కుతుంది, శ్రేణిలో ఉన్నవాటికి సగం సగం. కలనగణితం ఆధారంగా భౌతికశాస్త్రం చదివే విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో దాదాపు 15 శాతం మాత్రమే సరిగా చెప్పారు. పాఠానికి ముందు అడిగినా, మామూలు పద్ధతిలో పాఠం అయ్యాక అడిగినా ఫలితం పెద్దగా మారలేదు.

తప్పు జవాబులు గాలివాటంగా రాలేదు. ‘బి’ ముందుంది కాబట్టి కరెంటులో కొంత వాడేసుకుంటుందని, అందుకే ‘సి’ కంటే బాగా వెలుగుతుందని కొందరన్నారు. ‘డి’, ‘ఇ’ కరెంటును పంచుకుంటాయి కాబట్టి ‘ఎ’ కంటే మసకగా ఉంటాయని మరికొందరు. రెండు జవాబుల వెనకా ఎవరి తర్కం వారికి ఉంది.

ఇదే కోవలో 1997 నాటి ‘మైండ్స్ ఆఫ్ అవర్ ఓన్’ డాక్యుమెంటరీలో, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచి అప్పుడే పట్టా పుచ్చుకుని వస్తున్నవాళ్ల చేతికి ఒక బ్యాటరీ, ఒక తీగ, ఒక టార్చి బల్బు ఇచ్చి వెలిగించమన్నారు. కొందరి వల్ల కాలేదు. టార్చి బల్బులో ఒక కొన అడుగున, రెండోది పక్కనున్న మరలో ఉంటుందన్న సంగతి వాళ్లెప్పుడూ గమనించలేదు. మన ఇళ్లలో హోల్డరుకు తగిలించే బల్బుకు రెండు కొనలూ అడుగునే కనిపిస్తాయి కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ కొంచెం తేలిక కావచ్చు.

ప్రవాహం గురించిన నమూనాలు

వలయంలో కరెంటు ఎలా సాగుతుందో చెప్పమంటే వచ్చే జవాబులను పరిశోధకులు కొన్ని నమూనాలుగా విడదీశారు. ఒక్క తీగ చాలునన్న ‘ఏక తీగ’ నమూనా, రెండు వైపుల నుంచి వచ్చి కలుస్తుందన్న ‘ఢీకొనే ప్రవాహాల’ నమూనా చిన్న వయసులో కనిపిస్తాయి, చదువుతో తగ్గుతాయి. దారిలో కరెంటు తరిగిపోతుందన్న ‘తరుగుదల’ నమూనా మాత్రం మొండిది. ఒక బల్బుకు ముందొకటి, వెనకొకటి అమ్మీటర్లు పెడితే రెండూ ఒకే సంఖ్య చూపుతాయి. అయినా వలయం రూపం కాస్త మారగానే పాత ఆలోచన తిరిగొస్తుంది.

ఈ మొండితనానికి కారణం ఉంది. వలయంలో ఏదో ఒకటి ఖర్చవుతోందన్న ఊహ నిజమే. ఖర్చయ్యేది శక్తి. ఇంటి మీటరు లెక్కపెట్టేది కూడా కిలోవాట్ గంటలను, అంటే శక్తినే. విద్యార్థి చేసే పొరపాటల్లా ఆ తరుగుదలను ప్రవాహానికి అంటగట్టడం. ప్రవాహం, శక్తి, పొటెన్షియల్ భేదం మూడూ విడివడని ముద్దగా మనసులో ఉన్నంతకాలం ఒకదాని గుణం మరొకదానికి అంటుకుంటూనే ఉంటుంది. (చూడండి: శక్తి నిత్యత్వం, సామర్థ్యం)

బ్యాటరీ, సౌర ఫలకం

బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందన్న నమ్మకం కోహెన్ బృందం అధ్యయనంలో ప్రముఖంగా బయటపడింది. పొటెన్షియల్ భేదం ప్రవాహానికి కారణమని కాకుండా దాని పర్యవసానమని విద్యార్థులు భావిస్తున్నారని కూడా ఆ పత్రం చూపింది. సమాంతరంగా ఇంకో నిరోధం కలిపితే బ్యాటరీ మీద భారం పెరిగి మొత్తం ప్రవాహం ఎక్కువవుతుంది. స్థిర ప్రవాహాన్ని నమ్మిన విద్యార్థి దృష్టిలో ఉన్న కరెంటే చీలుతుంది. నిరోధాల సంఖ్య పెరిగితే మొత్తం నిరోధమూ పెరగాలి కదా అన్న అనుమానం దీనికి తోడవుతుంది.

కర్నూలు విద్యార్థికి ఇక్కడ ఒక మంచి పోలికకు అవకాశం ఉంది. బ్యాటరీ విషయంలో తప్పైన ఆ నమ్మకం సౌర ఫలకం విషయంలో దాదాపు ఒప్పు. నిర్ణీత ఎండలో ఫలకం విస్తృతమైన వోల్టేజీ పరిధిలో ఇంచుమించు ఒకే కరెంటు ఇస్తుంది, ఎండ పెరిగితే ఆ కరెంటు పెరుగుతుంది. ఫలకం రెండు కొసలనూ నేరుగా కలిపినా ప్రవాహం పనిచేసేటప్పటి దానికంటే కొద్దిగానే ఎక్కువ. అదే కారు బ్యాటరీ కొసలను కలిపితే అంతర్నిరోధం చాలా తక్కువ కాబట్టి వందల ఆంపియర్లు దూకి తీగ ఎర్రబడుతుంది. ఈ రెండు జనకాల వోల్టేజీ–కరెంటు వక్రాలను పక్కపక్కన గీయిస్తే, ‘జనకం దేన్ని స్థిరంగా ఉంచుతుంది’ అన్న ప్రశ్న విద్యార్థికి దానంతటదే ఎదురవుతుంది. సౌర పార్కు పక్కనే ఉన్న కళాశాలల్లో ఇది చేయించకపోతే ఇంకెక్కడ చేయిస్తారు?

ప్రవాహం లేనిచోట పొటెన్షియల్ భేదం

తెరిచి ఉన్న స్విచ్చి కొసల మధ్య పొటెన్షియల్ భేదం ఎంతని అడిగితే, సున్నా అనే జవాబు తరచూ వస్తుంది. కరెంటు సున్నా కాబట్టి ఓమ్ నియమం ప్రకారం వోల్టేజీ కూడా సున్నా అన్నది తర్కం. నిజానికి సాధారణ వలయంలో బ్యాటరీ భేదమంతా ఆ ఖాళీ దగ్గరే ఉంటుంది. అక్కడ నిరోధం అనంతం, సున్నాను అనంతంతో గుణించి జవాబు తేల్చలేం. సూత్రం అక్కడ మౌనం వహిస్తుంది, విద్యార్థి ఆ మౌనాన్ని సున్నాగా చదువుతాడు.

తరగతి గదిలో ఈ పొరపాటుకు పోయేది ఒక మార్కు. పొలంలో ప్రాణం పోతుంది. మోటారు తిరగడం లేదు కాబట్టి స్టార్టరు పెట్టెలో కరెంటు లేదనుకుని చేయి పెట్టడం, స్విచ్చి ఆపాం కాబట్టి హోల్డరు ముట్టుకోవచ్చనుకోవడం ఈ ఆలోచనకే మరో రూపాలు. స్విచ్చిని ఫేజులో కాకుండా న్యూట్రల్‌లో వేసి ఉంటే, బల్బు ఆరిపోయినా హోల్డరు ఫేజు పొటెన్షియల్‌లోనే ఉంటుంది. (చూడండి: విద్యుత్ భద్రత, ఎర్తింగ్)

స్థానిక తర్కం, వరుస తర్కం

వలయాన్ని ముక్కలుగా చూడటం స్థానిక తర్కం. కరెంటు వెంట నడుస్తూ ఒక్కో పరికరం దగ్గర ఏం జరుగుతుందో చెప్పుకుంటూ పోవడం వరుస తర్కం. దీనిపై క్లోసే, షిప్‌స్టోన్ ఇద్దరూ రాశారు. బల్బుకు వెనక ఉన్న నిరోధాన్ని మారిస్తే బల్బు వెలుగు మారదని, ముందున్న దాన్ని మారిస్తేనే మారుతుందని వరుస తర్కం చెబుతుంది. ఇతర పొరపాట్లకు కూడా ఇదే మూలమని చెప్పుకోవచ్చు. వలయం మొత్తం ఒక్క వ్యవస్థ, ఏ మూల మార్పు జరిగినా అన్నిచోట్లా ప్రవాహాలూ భేదాలూ సర్దుకుంటాయన్న చూపు ఉన్నవాడికి తరుగుదల, స్థిర ప్రవాహం రెండూ నిలవవు.

పల్లెలో పెరిగినవాళ్లకు దీని ఖండన కళ్లెదుటే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర పెద్ద మోటారు వేసినప్పుడు మధ్యలోని ఇళ్లలో కూడా బల్బు క్షణం పాటు మసకబారుతుంది. మోటారు తీసుకునే అదనపు కరెంటు ఆ ఇళ్లకు వచ్చే తీగలోంచే పోతుంది, తీగలో పొటెన్షియల్ నష్టం పెరుగుతుంది. ‘వెనక’ జరిగింది ‘ముందు’ తెలిసింది.

ఓమ్ నియమం ఎల్లలు

నిరోధం స్థిరంగా ఉన్న వాహకానికి వోల్టేజీ తగ్గితే కరెంటు తగ్గుతుంది. లో వోల్టేజీలో మాత్రం బోరు మోటారు ఎక్కువ కరెంటు లాగి వైండింగు కాలిపోతుంది. రెండూ నిజమే. రైతుకు రెండోది తెలుసు, విద్యార్థికి మొదటిది తెలుసు. ఒకే ఇంట్లో తండ్రీ కొడుకులు ఈ విషయంపై వాదించుకుంటే ఇద్దరూ గెలవగలరు.

ప్రేరణ మోటారు కేవలం నిరోధం కాదు. అది తిరుగుతున్నప్పుడు దాని చుట్టల్లో ఎదురు విద్యుచ్ఛాలక బలం పుడుతుంది, ప్రవాహాన్ని అదుపు చేసేది ప్రధానంగా అదే. పంపు మీద నీటి భారం అంతే ఉండి వోల్టేజీ పడిపోతే రోటరు వేగం కొంత తగ్గి, తిరిగే అయస్కాంత క్షేత్ర వేగంతో దాని తేడా, అంటే స్లిప్, పెరుగుతుంది. అంతే పని చేయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. చుట్టల్లో ఉష్ణం ప్రవాహ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఆగి ఉన్న మోటారును నేరుగా లైనుకు కలిపితే కరెంటు పూర్తి భారం అప్పటి దానికి అయిదు నుంచి ఏడు రెట్లు ఉండటానికి కూడా కారణం ఇదే, స్లిప్ అప్పుడు అత్యధికం. స్టార్–డెల్టా స్టార్టరు ఆ తొలి లైను కరెంటును మూడో వంతుకు తగ్గిస్తుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినప్పుడు మోటారు మూలుగుతూ మిగిలిన రెండు ఫేజుల్లో అధికంగా లాగి కాలిపోవడం మరో పరిచిత దృశ్యం.

రెండు సూత్రాల మధ్య తోచే వైరుధ్యం ఇంకొకటి. ఓమ్ నియమం వోల్టేజీ పెరిగితే కరెంటు పెరుగుతుందంటుంది. సరఫరా పాఠం వోల్టేజీ పెంచితే కరెంటు తగ్గుతుందంటుంది. మొదటి వాక్యంలోని వోల్టేజీ ఒక నిరోధం కొసల మధ్యది, రెండోదానిలోనిది లైనుకూ లైనుకూ మధ్యది. 15 కిలోవాట్ల త్రీఫేజు భారానికి, సామర్థ్య గుణకం ఒకటి అనుకుంటే, 415 వోల్టుల దగ్గర సుమారు 21 ఆంపియర్లు కావాలి. 11 కిలోవోల్టుల దగ్గర 0.8 ఆంపియరు చాలు. తీగ నిరోధం అదే అయితే అందులోని ఉష్ణ నష్టం దాదాపు 700 రెట్లు తగ్గుతుంది. వ్యవసాయ లైన్లలో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పెట్టి పొడవాటి తక్కువ వోల్టేజీ తీగలు లాగే బదులు, 11 కిలోవోల్టుల లైనును పొలాల దాకా తీసుకెళ్లి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే విధానానికి ఆధారం ఈ లెక్కే.

క్షేత్రం, ఆవేశం: వలయంతో తెగిన లంకె

స్థిర విద్యుత్తులో ఇబ్బందులు వేరు. పారిస్‌లో లారెన్స్ వియెనో, రైన్సన్ 1992లో ప్రచురించిన పనిలో, బంధకం లోపల ఆవేశాలు కదలవు కాబట్టి అక్కడ విద్యుత్ క్షేత్రం ఉండదని చాలామంది విద్యార్థులు అన్నట్టు తేలింది. ఫలితం కనిపించకపోతే కారణమూ లేదన్న ఊహ అది. సూత్రంలో కనిపించే ఆవేశమే క్షేత్రానికి ఏకైక కారణమనుకోవడం మరో ధోరణి. వాహకం ఉపరితలం దగ్గరి క్షేత్ర సూత్రంలో ఆ చోటి ఆవేశ సాంద్రత మాత్రమే ఉంటుంది కాబట్టి దూరపు ఆవేశాల పాత్ర లేదని తేల్చేస్తారు. స్వీడన్‌లో 1993 నాటి అధ్యయనం క్షేత్ర రేఖలను విద్యార్థులు కణం నడిచే దారులుగా చదువుతున్నారని చూపింది. గాస్ నియమంలో మొత్తం అభివాహం సున్నా అయితే క్షేత్రమూ సున్నా అనుకోవడం అందరు అధ్యాపకులకూ తెలిసిన పొరపాటే.

స్థిర విద్యుత్ అధ్యాయం ముగిసి ప్రవాహ విద్యుత్ మొదలవగానే క్షేత్రం, ఆవేశం పాఠం నుంచి మాయమవుతాయి. ఈ రెండు అధ్యాయాల మధ్య లంకె తెగిపోవడమే సమస్యకు మూలమని ఐలోన్, గానియెల్ 1990లో వాదించారు. తీగలో ఎలక్ట్రాన్లను నెట్టే క్షేత్రం ఎక్కడి నుంచి వస్తుంది? తీగ ఉపరితలంపై ఏర్పడే ఆవేశాల నుంచి అన్నది జవాబు. రూత్ చాబే, బ్రూస్ షెర్వుడ్ తమ పాఠ్యపుస్తకంలో వలయాలను ఈ దారిలోనే వివరించారు.

అపసర వేగం లెక్క కూడా ఇక్కడికే చెందుతుంది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగలో ఒక ఆంపియరు పారుతుంటే ఎలక్ట్రాన్ల సగటు వేగం సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటరు, గంటకు పాతిక సెంటీమీటర్లు. అయినా స్విచ్చి వేయగానే బల్బు వెలుగుతుంది, ఎందుకంటే వేగంగా వ్యాపించేది క్షేత్రంలోని మార్పు. విద్యార్థులు ఈ లెక్క చేసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ జవాబు తమ మనసులోని బొమ్మను కూలదోయాలని ఎవరూ అడగరు.

కారణాల గురించిన సిద్ధాంతాలు

ఈ ఆలోచనల స్వభావంపై పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. మిషెలీన్ చి ప్రకారం విద్యార్థి ప్రవాహాన్ని ఒక పదార్థంగా వర్గీకరించుకోవడమే చిక్కు. అది ఒక ప్రక్రియ అని గుర్తించాలంటే మొత్తం వర్గమే మార్చుకోవాలి. ఆండ్రియా డిసెస్సా ప్రకారం తప్పుడు సిద్ధాంతమంటూ స్థిరంగా ఏదీ ఉండదు. ‘ఎక్కువ నెట్టితే ఎక్కువ ఫలితం’ వంటి చిన్న చిన్న అనుభవ శకలాలు సందర్భాన్ని బట్టి పైకి వస్తాయి. రెండో దృష్టిలో విద్యార్థి పాత ఆలోచనలు పారేయదగ్గ చెత్త కాదు, కొత్త అవగాహనకు ముడిసరుకు.

ఉపమానాల పాత్రపై డీడ్రె జెంట్నర్, డొనాల్డ్ జెంట్నర్ 1983లో రాసిన పత్రం ప్రసిద్ధం. కరెంటును గొట్టంలో నీటిలా ఊహించుకున్నవాళ్లు బ్యాటరీల ప్రశ్నలకు, ద్వారాల గుండా నడిచే గుంపులా ఊహించుకున్నవాళ్లు నిరోధాల ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారు. ఏ ఒక్క ఉపమానమూ అంతటికీ సరిపోదు. పైగా నీటి పీడనమే సరిగా తెలియనివారికి నీటి ఉపమానం ఉపకరించదు.

కొలిచే సాధనాలు

ఎంగెల్‌హార్ట్, బైక్నర్ 2004లో ప్రచురించిన ‘డైరెక్ట్’ పరీక్షలో 29 బహుళైచ్ఛిక ప్రశ్నలున్నాయి. నిరోధ వలయాల భావనలే దాని పరిధి. మొదటి రూపంలో విశ్వవిద్యాలయ విద్యార్థుల సగటు 52 శాతం, హైస్కూలు వారిది 41 శాతం. రెండు స్థాయుల మధ్య తేడా ఇంతేనా అనిపిస్తుంది. విద్యుత్తు, అయస్కాంతత్వం రెంటినీ కలిపి పరీక్షించే 32 ప్రశ్నల ‘సీఎస్‌ఈఎం’ 2001లో, దాని తోటిది ‘బీమా’ 2006లో వచ్చాయి. వీటిలో తప్పు ఐచ్ఛికాలు ఊహించి రాసినవి కావు. ఇంటర్వ్యూల్లో, రాతపరీక్షల్లో విద్యార్థులు నిజంగా ఇచ్చిన జవాబుల నుంచే ఎక్కువగా తీసుకున్నారు.

వీటితో పోలిస్తే ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ లక్ష్యం వేరు. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో భౌతికశాస్త్రానివి 40. ప్రశ్నకు 67 సెకన్లు. ఆ వేగంలో సూత్రం గుర్తుకు తెచ్చుకుని సంఖ్యలు వేయడమే సాగుతుంది, రెండేళ్ల ఇంటర్ చదువు ఆ వేగానికే అలవాటు పడుతుంది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఒకే వలయంపై ఒక లెక్క, ఒక గుణాత్మక ప్రశ్న పక్కపక్కన ఇచ్చి చూశాడు. కిర్కాఫ్ సమీకరణాలు సాధించినవాళ్లలో చాలామంది, స్విచ్చి మూస్తే ఏ బల్బు ఆరుతుందన్న తేలిక ప్రశ్న దగ్గర వెనకబడ్డారు.

బోధనా పద్ధతులు

ముందు ఊహ చెప్పించి, తర్వాత ప్రయోగం చేయించి, తేడా వచ్చిన చోట వాదించనివ్వడం విజయవంతమైన పద్ధతులన్నింటిలో ఉమ్మడి అంశం. వాషింగ్టన్ బృందం ‘ట్యుటోరియల్స్’, మజూర్ 1991లో మొదలుపెట్టిన సహాధ్యాయి బోధన ఈ కోవవే. మజూర్ పద్ధతిలో ప్రశ్న ఇచ్చి ఎవరి జవాబు వారు చెప్పాక పక్కవారితో చర్చించి మళ్లీ చెబుతారు. దానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, జవాబు అక్షరాలు రాసిన అట్టముక్కలు చాలు. వందమంది ఉన్న డిగ్రీ తరగతిలో సాధ్యమయ్యే పద్ధతుల్లో ఇది ముందు వరుసలోది.

కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ‘ఫెట్’ అనుకరణల్లో వలయ నిర్మాణ కిట్టు ఒకటి. తీగల్లో ఎలక్ట్రాన్ల కదలిక తెరపై కనిపిస్తుంది. నిజమైన పరికరాల బదులు దీన్ని వాడిన విద్యార్థులు తర్వాత నిజమైన వలయాల పనిలోనూ ముందున్నారని 2005 నాటి అధ్యయనం తెలిపింది. ఉచితంగా దొరికే ఈ అనుకరణలు ఫోనులోనూ నడుస్తాయి.

బల్బుల ప్రయోగానికి ఒక ఆచరణాత్మక చిక్కు వచ్చింది. ఎల్‌ఈడీ బల్బులను చవకగా అందించేందుకు 2015లో మొదలైన ఉజాలా పథకం తర్వాత ఇళ్లలో తంతువు బల్బు దాదాపు కనుమరుగైంది. ఎల్‌ఈడీ ఓమ్ నియమాన్ని పాటించదు, ఇంటి ఎల్‌ఈడీ బల్బులో చోదక వలయం కూడా ఉంటుంది. శ్రేణిలో రెండు పెట్టి వెలుగు పోల్చితే తప్పుడు నిర్ణయాలు వస్తాయి. తరగతికి పాత టార్చి బల్బులే వెతుక్కోవాలి. దేశంలో ఈ రంగంలో పనిచేసే సంస్థల్లో 1974లో ముంబైలో ఏర్పడిన హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రం, 1984లో ఏర్పడిన భారత భౌతికశాస్త్ర అధ్యాపకుల సంఘం ముఖ్యమైనవి. తెలుగునాట జన విజ్ఞాన వేదిక, దాని ‘చెకుముకి’ పత్రిక పాఠశాల స్థాయిలో ప్రయోగాలకు ప్రచారం కల్పించాయి.

పరిమితులు

బహుళైచ్ఛిక పరీక్ష విద్యార్థి ఏం ఎంచుకున్నాడో చెబుతుంది, ఎందుకు ఎంచుకున్నాడో చెప్పదు. ప్రసిద్ధ పరీక్షలు చాలావరకు అమెరికా తరగతి గదుల్లో తయారయ్యాయి. వాటిని అనువదించినంత మాత్రాన ఇక్కడి విద్యార్థి ఆలోచన పూర్తిగా బయటపడుతుందన్న హామీ లేదు. ‘డైరెక్ట్’ పరిధి ఏకముఖ ప్రవాహపు నిరోధ వలయాల వరకే. త్రీఫేజు సరఫరా, న్యూట్రల్, ప్రేరణ మోటారు, సౌర ఫలకం అందులో లేవు. కర్నూలు, కడప విద్యార్థులు రోజూ చూసే విద్యుత్తు ఇదే కాబట్టి, స్టార్టరు పెట్టెనూ లో వోల్టేజీనీ సౌర ఫలకాన్నీ అడిగే గుణాత్మక ప్రశ్నలను ఇక్కడి డిగ్రీ అధ్యాపకులే తయారుచేసి, తమ తరగతుల్లో పరీక్షించి, ఫలితాలు ప్రచురించాలి.